పదహారో పేజీ తరవాత

వీరదుర్గకు ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు గాని, వింటూంటే మాత్రం మహా హాయిగా ఉండేది. పొద్దున్నే కోడూరు మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే చాలు, ఎకనామిక్స్ గైడు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు సగం మూసుకునేది. కాలవ మీద పొగమంచూ, గుర్రపు డెక్క పూలూ, గట్టున ఆరేసిన చీరలూ మెల్లగా వెనక్కి జరిగిపోయేవి. వాటితోపాటు గైడులో వాక్యాలూ జరిగేవి. "అదర్ థింగ్స్ రిమైనింగ్ ది సేమ్" అన్నది వంతెన దగ్గర వచ్చేది. "యుటిలిటీ" అన్న మాట రైసుమిల్లు దగ్గర. మిల్లు దాటి, కొబ్బరితోట దాటి, సబ్‌స్టేషన్ మలుపు తిరిగేసరికి ఒక పెద్ద జవాబు పూర్తయ్యేది. పరీక్షలో కూర్చున్నాక ఆమె చేసేదల్లా మనసులో బస్సెక్కడమే. వంతెన దగ్గర మొదలుపెట్టి మలుపు దగ్గర పెన్ను ఎత్తేది.

పదో తరగతి ఇలాగే పాసైంది. సముద్రం ఒడ్డున వాళ్ళ పాలెంలో అంతకుముందు ఎవరికీ రానన్ని మార్కులొచ్చాయి. అప్పుడు చదివింది తెలుగు మీడియం. ఇప్పుడు అవనిగడ్డలో ప్రైవేటు జూనియర్ కాలేజీ, ఇంగ్లీషు మీడియం. మాటలు మారాయి గాని దారి మారలేదు కదా అనుకుంది.

వాళ్ళ నాన్న అప్పయ్య సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి, ఎక్కువ మాట్లాడడు. కాలేజీకి ఒప్పుకున్ననాడు కూడా ఒక్కటే మాటన్నాడు. "నీ మీద ఒక్క పిర్యాదు వచ్చిందా, మానేసి మీ మామ్మతో ఎండుచేపల కాడ కూసోవాల."

ఆ ఫిర్యాదు ఇంటర్లో చేరిన నాలుగో నెలలో, ఒక గురువారం రానే వచ్చింది.

రాధాకృష్ణమూర్తి గారు ఆ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఎకనామిక్స్ చెబుతున్నారు. చెప్పి రాయిస్తున్నారు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. మూడుసార్లు అట్ట మార్చిన నోట్సు బల్ల మీద పెట్టుకుని "కామా", "ఫుల్‌స్టాప్", "పేరా మార్చండి" అంటూ చదువుకుపోతే పిల్లలు తలెత్తకుండా రాసుకునేవారు. మంచి మనిషే. ఒక్క పిల్లనీ కొట్టింది లేదు, ఒక్క క్లాసూ ఎగ్గొట్టింది లేదు. నోట్సులో లేని మాట పేపర్లో కనిపిస్తే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది. ఆయన వేగాన్ని వీరదుర్గ చెయ్యి అందుకోలేకపోయింది. అందుకే ఒక సీనియర్ వదిలేసిన పాత గైడు సంపాదించుకుంది. ఆ గైడూ ఆయన నోట్సూ మక్కీకి మక్కీ ఒకటే.

యూనిట్ టెస్ట్ పేపర్లు చేతబట్టుకుని ఆయన ఆ రోజు నవ్వుతూ లోపలికొచ్చారు. ఆయన నవ్వడం అరుదు గనక పిల్లలు భయపడ్డారు.

"ఒక వాక్యం వినండి," అన్నారు. ముందు ఇంగ్లీషులో చదివి, తరవాత తెలుగులో చెప్పారు. "ఈ సూత్రానికి కొన్ని మినహాయింపులు గలవు. మొదటిది, తాగుబోతు ఎడమ నుంచి కుడికి కిందికి వాలును."

క్లాసంతా గొల్లున నవ్వింది. వీరదుర్గా నవ్వబోయి ఆగింది. ఆ ఇంగ్లీషు వాక్యం తనకు బాగా తెలుసు. కొబ్బరితోట చివర వస్తుంది.

"ఇద్దరు రాశారు ఈ మహావాక్యం. లక్ష్మీప్రసన్నా, వీరదుర్గా, లేవండి."

లక్ష్మీప్రసన్న మొదటి బెంచీ. వాళ్ళ నాన్న మధుసూదనరావు గారు మండలాఫీసులో గుమాస్తా, వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ అందరూ ఉద్యోగస్తులే. వీరదుర్గ ఆమె వెనక బెంచీలో కూర్చుంటుంది. ఆ ఇద్దరి మధ్య దూరాన్ని సారు కళ్ళతో ఒకసారి కొలిచి చూశారు. అంతే, ఆయన మనసులో తీర్పు అయిపోయింది.

"నువ్వు కూర్చో అమ్మా ప్రసన్నా. ఏదో పరాకున రాసుంటావు. ఏమ్మా వీరదుర్గా, ముందు పేపర్లో ఏముంటే అది దించెయ్యడమేనా? కనీసం తప్పేదో ఒప్పేదో చూసుకోవా?"

"కాపీ కొట్టలేదండి. గైడులో అలాగే ఉందండి."

"గైడులో తాగుబోతు వాలతాడా!"

మళ్ళీ నవ్వులు. గైడు ప్రసన్న తన దగ్గర అడిగి తీసుకుని వారం రోజులు చదివింది. ఆ మాట ప్రసన్న చెబుతుందని వీరదుర్గ ముందు బెంచీలోని జడ వైపు చూసింది. జడ కదల్లేదు.

"చూడకుండా అప్పజెబుతానండి," అంది వీరదుర్గ. కళ్ళు మూసుకుని వంతెన దగ్గర మొదలుపెట్టింది. మిల్లు దాటింది, తోట దాటింది, తాగుబోతు దగ్గర ఊపిరి కూడా తీసుకోకుండా వాలిపోయి మలుపు దగ్గర ఆగింది. సారు చేతిలోని పేపరునూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. ఆ ఒక్క క్షణం ఆయన తప్పు ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేదో! కానీ మేష్టర్లకు అలవాటు లేని పనుల్లో అదొకటి.

"సరే. దానర్థం చెప్పు."

వీరదుర్గ నోరు తెరిచింది. లోపల పొగమంచు తప్ప ఏమీ లేదు.

"అర్థం తెలీని మాట నీ పేపర్లోకి ఎలా వచ్చింది? ఎలా వచ్చినా అది కాపీయే. సోమవారం ఇదే ప్రశ్న మళ్ళీ ఇస్తాను, నా ముందు బల్ల దగ్గర కూర్చుని రాయాలి. రాయలేకపోతే మర్నాడు మీ నాన్నని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకురా."

*

ఇంటికొచ్చి గైడు తెరిచింది. పదహారో పేజీ అడుగున "ది డ్రంకార్డ్" అని ఉంది. పక్కన పేజీ మీద పందొమ్మిది అని ఉంది, దాని మొదటి లైనే ఆ ఎడమ నుంచి కుడికి వాలడం. రెంటికీ మధ్య కుట్టు దగ్గర సన్నటి చిరుగు మిగిలి ఉంది. నెల రోజులుగా ఆ పేజీలు ఎన్నిసార్లు తిప్పిందో లెక్క లేదు, ఒక్కసారీ కనబడలేదు.

"మామ్మా, దీంట్లో కాయితం ఏమైంది?"

అప్పయ్య తల్లి తాతమ్మ ఎండు నెత్తళ్ళు గంపకెత్తుతోంది. తలెత్తి పుస్తకాన్ని ఎగాదిగా చూసింది. "ఓ ఆకు సింపానే, ఎండురొయ్యలు పొట్లం కట్టడానికి. అవనిగడ్డలో ఓ మేష్టారి భార్యకి. అంత లావు పుస్తకంలో ఒక్క ఆకే కదే!"

వీరదుర్గ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. కోపం మామ్మ మీదో, ప్రసన్న మీదో, సారు మీదో తేలలేదు. జరిగింది విన్నాక తాతమ్మ ముఖం చిన్నబోయింది. గంప వదిలేసి వచ్చి మనవరాలి పక్కన చేరింది. చేతికున్న ఉప్పూ పొలుసులూ చీరకు తుడుచుకుంది.

"ఏడవమాక. ఆ కాయితంలో ఏముందో సెప్పు. నేనెల్లి ఆవిణ్ణి అడిగి తెస్తా."

"నాకెలా తెలుస్తుంది? అది లేదుగా!"

"పోనీ దాని ముందు కాయితంలో ఏముంది?"

వీరదుర్గ ముక్కు ఎగబీల్చి వంతెన దగ్గర మొదలుపెట్టింది.

"ఇంగిలీసు కాదే. ఏముంది?"

అది కల్లాకపటం లేని ప్రశ్న. ఇందాక సారు అడిగినప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు భయమేసింది. పదహారో పేజీ తరవాత ఏముందో తెలియకపోవడం సరే. పదహారో పేజీలో ఏముందో కూడా తనకు తెలియదు. పదిహేనులోనూ తెలియదు. పుస్తకం మొదటి నుంచీ చిరిగిపోయి ఉన్నట్టే.

*

శుక్రవారం కాలేజీకి వెళ్ళబుద్ధి కాలేదు. జ్వరమని చెప్పి తాతమ్మతో ఇసుక దిబ్బ మీదికి వెళ్ళింది. పాత వలలు పరిచి వాటి మీద నెత్తళ్ళు ఎండబోశారు. ఎండ తెల్లగా, మెత్తగా ఉంది, సముద్రం ఎక్కడుందో ఆకాశం ఎక్కడుందో తెలియడం లేదు. ఒక చేత్తో చేపలు తిరగేస్తూ, ఇంకో చేత్తో స్కూల్లో బహుమతిగా వచ్చిన చిన్న డిక్షనరీ తిరగేసింది. ఒక్కో మాటకూ ఆగింది. మూడు లైన్లు దాటేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. ఇంత నెమ్మదిగా చదవడం ఆమె జన్మలో ఎరగదు. బస్సు దిగి అదే దారిన కాలినడకన వెళ్తున్నట్టుంది.

"ఊఁ, ఏముందంట?" అంది తాతమ్మ.

"ఏదైనా ఒక వస్తువు మనం వాడే కొద్దీ... ఇంకా ఇంకా వాడే కొద్దీ... దాని వల్ల వచ్చే సుఖం..." ఆగి మళ్ళీ డిక్షనరీ చూసింది. "కొత్తగా వచ్చే సుఖం తగ్గిపోతూ ఉంటుందంట."

"అంటే?"

అదే తెలియడం లేదు. పుస్తకం మూసి, చెయ్యి దాని మీద పెట్టి ఆలోచించింది. దాహమేసింది. నీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచుకుని తాగింది. మామ్మకు ఒకటి ఇచ్చింది. తాతమ్మ గటగటా తాగేసి, ఇంకోటి అడిగి నెమ్మదిగా తాగి, మూడోది మనవరాలి వైపే తోసేసింది.

"మామ్మా, మూడోది ఎందుకొద్దు?"

"దాహం తీరిపోయిందిగా."

"నీళ్ళు అవే కదా?"

"నీళ్ళు అయ్యేనే. నా గొంతు తడిసింది."

వీరదుర్గ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అదే మామ్మా! పుస్తకంలో ఉన్నది అదే!"

"ఇది సెప్పడానికి అంత పుస్తకమా?" అని తాతమ్మ బుగ్గలు నొక్కుకుంది. చేపలు తిరగేస్తూ ఏదో గుర్తొచ్చి ఆగింది. "అయినా అన్నిటికీ కాదులే. మీ తాత ఉన్నాడా, సారా బందు కాకముందు... మొదటి గ్లాసుకి మనిషి. రెండో గ్లాసుకి ఇంకా కావాల. మూడోది ఇయ్యకపోతే ఇల్లు పీకి పందిరేసేవాడు. ఆయనకి తగ్గిందెక్కడే సుఖం? నీ పుస్తకం రాసినోడు మీ తాతని సూళ్ళేదు."

వీరదుర్గ చేతిలో నెత్తళ్ళు ఇసుకలో జారిపోయాయి. మినహాయింపులు. మొదటిది, తాగుబోతు. పుస్తకం రాసినవాడు తాతను చూశాడు. చూసి పదిహేడో పేజీలో రాశాడు.

శనివారం పొద్దున్న అవనిగడ్డ గ్రంథాలయంలో హైమవతి గారు పాత పుస్తకాల వీపులకు మైదా జిగురు రాస్తున్నారు. ఆవిడ లైబ్రేరియన్. పుస్తకాలు అడిగేవాళ్ళ కంటే పేపరు చదివి కునుకు తీసేవాళ్ళనే ఎక్కువ చూసిన మనిషి. వీరదుర్గ సంగతంతా చెప్పి గైడు చూపిస్తే, వేలికంటిన జిగురుతోనే చిరుగును తడిమారు.

"పేజీ నంబర్లు చూసుకోవా అమ్మాయ్?"

"చూడలేదండి. ఆగకుండా చదివేస్తానండి నేను."

"అదే జబ్బు," అన్నారు ఆవిడ. లోపలి బీరువాలోంచి అదే పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఒక పేరా చదువు. పుస్తకం మూసెయ్యి. ఏం చదివావో నీ మాటల్లో కాగితం మీద పెట్టు. పెట్టలేకపోతే చదవనట్టే లెక్క, మళ్ళీ తెరువు. పదకొండింటికి తాళం వేస్తాను."

కిటికీలోంచి ఎండ బల్ల మీద పలకలా పడింది. పదిహేడో పేజీ తెరుచుకుంది. తాగుబోతు ఉన్నాడు. పక్కనే పాత నాణేలు పోగేసేవాడు, మంచి పాట మళ్ళీ మళ్ళీ వినేవాడు కూడా ఉన్నారు. వీళ్ళకు సుఖం తగ్గదట, పెరుగుతుందట. మామ్మ చెప్పింది అచ్చులో కనబడేసరికి వీరదుర్గకు నవ్వు ఆగలేదు. పేపరు చాటున కునుకు తీస్తున్న పెద్దమనిషి ఉలిక్కిపడి లేచాడు. ఇంగ్లీషు చదువుతూ ఆమె నవ్వడం అదే మొదలు. ఎంత సంతోషమేసిందంటే, సోమవారం సంగతి కాసేపు మర్చిపోయింది.

*

సోమవారం బస్సులో కిటికీ సీటే దొరికింది. అలవాటు చొప్పున కళ్ళు మూతలుపడ్డాయి. వంతెన దగ్గర వాక్యం తనంతట తాను వచ్చింది. మిగతావన్నీ మారకుండా ఉంటే. ఇన్నాళ్ళూ దాన్ని పాటలో పల్లవిలా దాటేసింది. ఇప్పుడు అది వచ్చి ఎదురుగా కూర్చుంది. మిగతావి అంటే ఏవి? నీళ్ళు మారలేదు, గ్లాసు మారలేదు, మామ్మా మారలేదు. మరి తాత? మొదటి గ్లాసుకి మనిషి అంది మామ్మ. రెండో గ్లాసు అడిగినవాడు ఆ మనిషేనా? వీరదుర్గ కళ్ళు తెరిచింది. రైసుమిల్లు ఎప్పుడో వెళ్ళిపోయింది, కొబ్బరితోట కూడా చూడలేదు.

కాలేజీ మెట్ల దగ్గర లక్ష్మీప్రసన్న ఎదురొచ్చింది. పుస్తకాలు గుండెలకు హత్తుకుని, నేల చూపులు చూస్తూ, "ఆ రోజు మాట్లాడాలనే అనుకున్నానే. నోరు రాలేదు," అంది.

"నాకూ రాలేదులే, అర్థం చెప్పమన్నప్పుడు," అంది వీరదుర్గ. మనసులో కష్టంగానే ఉంది. అయినా కోపం తెచ్చుకునే తీరిక లేదు.

సారు బల్లకు ఈ పక్కన కూర్చుని రాసింది. మనసులో బస్సెక్కలేదు. ఒక వాక్యం ఆలోచించి, దానికి ఇంగ్లీషు మాటలు వెతుక్కుని, చిన్నచిన్న ముక్కలుగా రాసింది. కొట్టివేతలు ఎన్నో. ఇదివరకు నాలుగు పేజీలు నింపే సమయానికి రెండో పేజీ సగానికి వచ్చింది. గంట కొట్టేశారు. సగం వాక్యం దగ్గర సారు పేపరు లాక్కున్నారు. ఒక్క చూపు చూసి కనుబొమలు ముడిచారు.

మంగళవారం క్లాసులోకి ఆయన రెండు కాగితాలతో వచ్చారు. ఒకటి వీరదుర్గ పేపరు. రెండోది ప్రిన్సిపాల్ గారికి రాసిన చీటీ, దాని మీద ఆమె పేరు పెద్దక్షరాలతో ఉంది.

"అప్పుడు చూసి రాశావు. ఇప్పుడు సొంత కవిత్వం మొదలుపెట్టావు. ఇందులో ఒక్క ముక్క నా నోట్సులో లేదు. మీ నాన్న వచ్చాడా?"

"వేటకెళ్ళారండి. రేపు వస్తారు." నాన్న చెప్పులేసుకుని ఈ మెట్లెక్కడం, తాను ఆయన వెనక మెట్లు దిగడం కళ్ళకు కట్టాయి.

మొదటి బెంచీ కిర్రుమంది. లక్ష్మీప్రసన్న లేచి నిలబడింది. "సార్, ఆ గైడు తనదేనండి. తను నన్ను చూసి రాయలేదండి. తన గైడు నేనే తీసుకుని చదివానండి. అందులో ఒక పేజీ లేదండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తప్పు తనదని తెలిశాక ఏదో ఒకటి చెయ్యాలి గనక పేపరు విప్పారు. "అది సరేనమ్మా. కాపీ కాకపోతే కాకపోనీ, ఇది జవాబేనా? మీరే వినండి," అని చదవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు చదివి, వాక్యానికి వాక్యం తెలుగు చేశారు.

"మా మామ్మ పేరు తాతమ్మ. ఆమె చదువుకోలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎండలో గంప దించాక మొదటి గ్లాసు నీళ్ళు ఆమెకు ప్రాణం. రెండో గ్లాసు మంచిదే. మూడో గ్లాసు ఆమె నాకు ఇస్తుంది. నీళ్ళు మారలేదు. దాహం తగ్గింది. ఇదే ఈ సూత్రం."

నవ్వు ఆగిపోయింది. ఎవరో "ఓహో" అన్నారు, అనుకోకుండా పైకే. సారు ఆ వాక్యం మళ్ళీ ఒకసారి, ఈసారి తనలో తాను చదువుకున్నారు. రెండు నెలల క్రితం ఈ పాఠం రాయించినప్పుడు క్లాసులో ఎవరూ ఓహో అనలేదు. పేజీ తిప్పారు. తరవాత ఏముంటుందో ఆయనకు తెలియదు. ఇన్ని వేల పేపర్లు దిద్దినవాడు, ఒక పేజీ తిప్పబోతూ ఏముందోనని తొందరపడటం ఆయనకే వింతగా అనిపించింది.

"మా తాత విషయంలో ఈ సూత్రం పనిచెయ్యదని మామ్మ అంటుంది. పుస్తకం కూడా అదే అంటుంది. కానీ ఇద్దరూ పొరబడ్డారని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే..."

సారు ఇంకో పేజీ తిప్పారు. ఖాళీ. మళ్ళీ వెనక్కి తిప్పారు.

"ఎందుకంటే?"

"గంట కొట్టేశారండి," అంది వీరదుర్గ.

"అది కాదమ్మా. ఎందుకు?"

"తెలుగులో చెప్పొచ్చాండి?"

"చెప్పు."

వీరదుర్గ బెంచీ అంచు పట్టుకుంది. "మొదటి గ్లాసు తాగిన తాత, రెండో గ్లాసు అడిగిన తాత ఒకే మనిషి కాదండి..."

ఎవరూ చెప్పకుండానే క్లాసులో నలభై నోట్సులు తెరుచుకున్నాయి. పెన్నుల మూతలు టపటపా ఊడాయి. లక్ష్మీప్రసన్న తల వంచుకుని రాసుకుంటూనే అడిగింది. "సార్, 'తాత' తరవాత కామానా అండి?"

రాధాకృష్ణమూర్తి గారు క్లాసు వైపు చూశారు. వంగిన తలలు తప్ప ఒక్క ముఖమూ కనబడలేదు. ఇరవై రెండేళ్ళుగా తన ముందున్నవి ఆ పాపిళ్ళే. ప్రిన్సిపాల్ గారికి రాసిన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పెన్నులు కింద పెట్టండి," అన్నారు. "అందరూ. తలలెత్తి వినండి."

పెన్నులు ఒక్కొక్కటే బల్లల మీదికి చేరేదాకా ఆగారు. తరవాత కుర్చీ లాక్కుని, వీరదుర్గ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఊఁ, చెప్పమ్మా. మీ నాన్నగారు రానక్కర్లేదు. ముందు తాతగారి సంగతి చెప్పు."